502 పేజీ కింద ఉండే ఆ చిన్న పేరు ఎవరిది?



ఈ పేజీని మీరు కచ్చితంగా చూసే ఉంటారు. తెల్లటి స్క్రీన్, మధ్యలో పెద్ద అక్షరాల్లో ‘502 బ్యాడ్ గేట్‌వే’ అని ఉంటది. దాని కింద ఒక గీత, గీత కింద చిన్నగా ఒక పేరు. ఎన్, జీ, ఐ, ఎన్, ఎక్స్. ఐదే అక్షరాలు. చదవడం మాత్రం ‘ఇంజిన్ ఎక్స్’ అని చదవాలి. పదో తరగతి రిజల్ట్స్ రోజో, ఏదైనా పోస్టుకి అప్లికేషన్ లాస్ట్ డేట్ రోజో ఈ పేజీ వస్తుంది. వచ్చినప్పుడు మనమేమనుకుంటామంటే, ఆ పేరుగలదేదో పాడైపోయింది, అందుకే మన పని ఆగిపోయింది అని.

నిజం ఉల్టా ఫ్రెండ్స్. ఆ పేజీ మీకు కనిపిస్తుందంటే ఆ పేరుగలది బతికే ఉందని అర్థం. వెనకాల ఉన్నవాళ్లు పడిపోతే, ముందు నిలబడి ఆ మాట మనకి చెప్పింది అదే. చెడ్డపేరు మాత్రం దానికే వచ్చింది.

ఈరోజు దాని కథ, దానికన్నా ముందు వచ్చినవాటి కథ చెప్తా. సాఫ్ట్‌వేర్ హిస్టరీయే కానీ ఇందులో మన ఊరి పాత్ర కూడా ఉంది. నేను మాట్లాడుతున్నది నవాబుపేట నుంచి. వికారాబాద్ జిల్లా, చిట్టిగిడ్డ స్టేషన్ ఉన్న మండలం. సర్వర్లు చూసుకునే పని నాది, అందుకే ఈ టాపిక్ అంటే నాకు కొంచెం ఎక్కువ ఇష్టం. ఎక్కడైనా లెక్కల్లోకి పోతే ఓపిక పట్టండి.

మొదట పాత రోజులకి పోదాం. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ వాళ్లు. మన దిక్కు ఊళ్లలోకి అది రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 2010 ప్రాంతంలో ఫోన్‌లో నెట్ అంటే 2జీ. తెర మీద ఒక చిన్న ‘ఇ’ అక్షరం వచ్చిందంటే అదే పండుగ. రిజల్ట్స్ రోజు జిరాక్స్ సెంటర్ ముందర గుంపు. కంప్యూటర్ ముందు కూర్చున్న అన్న హాల్ టికెట్ నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఒక్కోటి కొడుతూ ఉండేవాడు. మధ్యాహ్నం రిజల్ట్స్ ఇచ్చారని టీవీలో స్క్రోలింగ్ వస్తది, మాకు మార్కులు తెలిసేసరికి చీకటి పడేది. పాసో ఫెయిలో తెలియకుండా ఒక పిల్ల అన్నం తినకుండా కూర్చుంటే ఆ ఇంట్లో ఆ సాయంత్రం ఎట్ల ఉంటదో మీకు నేను చెప్పక్కర్లేదు.

అప్పుడు అందరూ అనే మాట ఒక్కటే, ‘సర్వర్ బిజీ’. బిజీ అంటే ఏంటి? అది నిజంగా ఏ పనిలో బిజీగా ఉంది? ఈ ప్రశ్నకి జవాబు వింటే నవ్వు వస్తది, తర్వాత కోపం కూడా వస్తది. ఎందుకంటే ఆ సర్వర్ చాలా భాగం ఏ పనీ చేయట్లేదు. ఉత్తగనే ఎదురుచూస్తా కూర్చుంది.

ఎట్లనో చెప్తా. ముందు వెబ్ సర్వర్ అంటే ఏంటో రెండు ముక్కల్లో చూద్దాం. మీ ఫోన్ ‘ఈ పేజీ ఇవ్వు’ అని అడుగుతుంది, అటు పక్క ఉన్న కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రామ్ ఆ పేజీ తీసి ఇస్తుంది. ఆ ప్రోగ్రామే వెబ్ సర్వర్. మొట్టమొదటిది 1990లో టిమ్ బెర్నర్స్ లీ రాశాడు, స్విట్జర్లాండ్‌లోని సెర్న్ అనే పరిశోధన కేంద్రంలో. తర్వాత 1993లో అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ దగ్గరున్న ఎన్‌సీఎస్ఏ అనే సూపర్ కంప్యూటర్ సెంటర్‌లో రాబ్ మెక్‌కూల్ అనే కుర్రాడు ఇంకోటి రాశాడు. అది ఫ్రీ, అందుకే చాలామంది వాడారు. 1994లో అతను అక్కడి నుంచి వెళ్లిపోయాడు. ప్రోగ్రామ్ అనాథ అయిపోయింది. వాడేవాళ్లు వేలమంది, బాగుచేసే దిక్కు లేదు.

అప్పుడు దాన్ని వాడే అడ్మిన్లే ఎవరి బాగుచేతలు వాళ్లు చేసుకుని, ఈమెయిల్‌లో ఒకరికొకరు పంపుకోవడం మొదలుపెట్టారు. ఆ బాగుచేతల్ని ప్యాచ్‌లు అంటారు, అంటే అతుకులు. బ్రయాన్ బెలెన్‌డార్ఫ్ ఇంకా కొంతమంది కలిసి 1995 ఫిబ్రవరిలో ఒక గ్రూపుగా ఏర్పడ్డారు, ఏప్రిల్‌లో మొదటి వెర్షన్ వదిలారు. దాని పేరు అపాచీ. అతుకుల సర్వర్ కాబట్టి ‘ఎ ప్యాచీ’ అని జోక్ చేస్తారు గానీ, అమెరికా ఆదివాసీ తెగ మీద గౌరవంతో పెట్టిన పేరని బెలెన్‌డార్ఫ్ చెప్పాడు. ఒక్క సంవత్సరంలో, అంటే 1996 ఏప్రిల్‌కల్లా, నెట్‌క్రాఫ్ట్ సర్వేలో ప్రపంచంలో నంబర్ వన్ సర్వర్ అదే అయింది. జీతం తీసుకోని మనుషులు ఈమెయిల్‌లో కలిసి చేసిన పని అది. ఈ ముక్క మన కాలేజీల్లో ఎందుకు చెప్పరో నాకర్థం కాదు.

ఇప్పుడు అసలు విషయం. అపాచీ పని చేసే పద్ధతికి ‘ప్రీఫోర్క్’ అని పేరు. ఇది అర్థం కావాలంటే తాండూరు మార్కెట్ యార్డుకి పోదాం రండి.

తాండూరు అంటే కందులు. ఆ కందిపప్పుకి 2022లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. యార్డులో తూకం వేసే మనిషిని దడువాయి అంటారు, మీలో చాలామందికి తెలుసు. ఇప్పుడొక రూల్ ఊహించుకోండి. ఒక్కో రైతుకి ఒక్కో దడువాయి. రైతు గేటు దాటి లోపలికి రాగానే ఒక దడువాయి, ఒక కాంటా, ఒక బుక్కు ఆయనకే రాసిచ్చేస్తారు. ఒక రైతు ట్రాక్టర్‌లో సంచులన్నీ ఒకేసారి తెచ్చాడు, రెండు నిమిషాల్లో పని ఖతం. ఇంకో రైతు సైకిల్ మీద ఒక్కో సంచీ ఊరి నుంచి మోసుకొస్తున్నాడు. ఒక సంచి తూచారు. రెండోది వచ్చేదాకా దడువాయి కాంటా దగ్గర గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. గేటు బయట యాభై ట్రాక్టర్లు లైన్ కట్టినా లేవడానికి లేదు. ఆయన ఆ సైకిల్ రైతుకే కదా.

ప్రీఫోర్క్ అపాచీ అచ్చం ఇదే. ఒక్కో ఫోన్ కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్. అక్కడ సరుకు రైతు తెస్తాడు, ఇక్కడ సర్వర్ మనకి పంపిస్తది, అంతే తేడా. దడువాయిలు ఎంతమంది ఉండొచ్చు అనేదానికి అపాచీలో ఒక సెట్టింగ్ ఉండేది, ‘మ్యాక్స్ క్లయింట్స్’. మనం మార్చకపోతే అది 256. అంటే ఒకేసారి 256 మంది. 257వ వాళ్లు గేటు బయటే.

ఈ పద్ధతిలో మంచి కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. ఒక ప్రాసెస్ క్రాష్ అయితే అది ఒక్కటే పోతది, పక్కవాళ్లకి ఏమీ కాదు. ఎవరి కాంటా వాళ్లది, ఎవరి బుక్కు వాళ్లది కదా. అందుకే పీహెచ్‌పీలో రాసిన సైట్లన్నీ చాలా ఏళ్లు దీని మీదే నడిచాయి.

ఇప్పుడు లెక్క చూడండి. పేజీ సైజు 100 కిలోబైట్లు అనుకుందాం, అంటే 800 కిలోబిట్లు. సిటీలో మంచి లైన్ మీద సెకనుకి 8 మెగాబిట్లు వస్తుంటే ఆ పేజీ సెకనులో పదో వంతులో వెళ్లిపోతది. మా దగ్గర 2జీ మీద సెకనుకి 40 కిలోబిట్లు వస్తే? 20 సెకన్లు. పేజీ అదే, పని అదే, కానీ మా ఫోన్ ఆ దడువాయిని 200 రెట్లు ఎక్కువసేపు కూర్చోబెట్టింది.

ఇంకొంచెం ముందుకి పోదాం. తెలంగాణలో పదో తరగతి రాసేది ఏటా సుమారు 5 లక్షల మంది. అందరికీ ఫాస్ట్ నెట్ ఉంటే 256 ప్రాసెస్‌లు సెకనుకి 2,560 పేజీలు ఇవ్వగలవు. 5 లక్షల మందికీ మూడున్నర నిమిషాల్లోపు అయిపోతది. అందరిదీ 2జీ అయితే సెకనుకి 13 పేజీలు కూడా పోవు. 5 లక్షల మందికి దగ్గర దగ్గర 11 గంటలు! మధ్యాహ్నం మొదలైతే రాత్రి పదకొండు. సర్వర్లలో బఫర్లని కొంత సాయం ఉంటది, దాన్ని లెక్క సులువు కోసం పక్కన పెట్టాను. అయినా సంగతి మారదు. చీకటి పడేదాకా మా జిరాక్స్ సెంటర్ ముందు ఎందుకు నిలబడ్డామో ఈ లెక్కలో ఉంది. ఆ కంప్యూటర్ మెదడు అలసిపోలేదు, దాని కూర్చోబెట్టే పద్ధతి నెమ్మది నెట్ ఉన్నవాళ్ల కోసం తయారు కాలేదు. పైగా ఒక్క స్లో ఫోన్ వల్ల వెనక ఉన్న ఫాస్ట్ ఫోన్లు కూడా ఆగుతాయి. సిటీవాళ్లు సైట్ రావట్లేదని తిట్టుకుంటున్నప్పుడు లోపల కుర్చీల్లో కూర్చుంది ఊరివాళ్ల కనెక్షన్లే కావచ్చు.

దీనికి తోడు ‘కీప్ అలైవ్’ అని ఇంకోటి. పేజీ ఇచ్చేశాక కూడా ‘ఇంకేమైనా కావాలా’ అని సర్వర్ కాసేపు లైన్ మీదే ఉంటది. పాత అపాచీలో ఈ కాసేపు అంటే 15 సెకన్లు. ఆ 15 సెకన్లూ దడువాయి ఖాళీయే, కానీ ఇంకొకరికి దొరకడు. తర్వాతి వెర్షన్లలో దీన్ని 5 సెకన్లకి తగ్గించారు.

మరి అడ్మిన్లు ఊరుకున్నారా? లేదు. మొదట తోచే ఆలోచన ఏంటి? 256ని 1,000 చేద్దాం! చేసేవారు. అప్పుడేమైతదంటే, పీహెచ్‌పీతో కలిపి ఒక్కో ప్రాసెస్ 20 ఎంబీ తింటుందనుకోండి, వెయ్యికి 20 జీబీ కావాలి. ఆ రోజుల్లో సర్వర్‌లో ఉండేది 2 జీబీయో 4 జీబీయో. మెమరీ అయిపోగానే కంప్యూటర్ హార్డ్ డిస్క్‌ని మెమరీలాగా వాడటం మొదలుపెడుతుంది, దాన్ని స్వాప్ అంటారు. డిస్క్ ఎంత నెమ్మదంటే, ఒక్కసారి స్వాప్‌లో పడ్డ సర్వర్ దాదాపు చచ్చినట్టే. 256తో కుంటుతూ నడిచేది, 1,000తో పూర్తిగా కూలబడేది. సర్వర్ ట్యూనింగ్ అంటే నంబర్లు పెంచడమే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నా అనుభవంలో చాలాసార్లు తగ్గించడమే సరైన పని. మెమరీని ఒక్కో ప్రాసెస్ సైజుతో భాగించి, వచ్చిన దానికన్నా కొంచెం తక్కువ పెట్టాలి. మిగతావాళ్లు బయట లైన్లో ఆగుతారు, లోపలున్నవాళ్ల పనైనా అయిపోతది.

ఇంకో దారి కూడా ఉంది, పేజీ బరువు తగ్గించడం. 2001 సెప్టెంబర్ 11న అమెరికాలో దాడులు జరిగినప్పుడు సీఎన్ఎన్ సైట్ మీద ప్రపంచమంతా పడింది. వాళ్లు హోమ్ పేజీలో బొమ్మలు, హంగులు తీసేసి దాదాపు ఉత్త వార్త మాత్రమే పెట్టారు. ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పటికీ మన రిజల్ట్స్ పేజీల్లో మంత్రుల ఫొటోలు, కదిలే బ్యానర్లు ఉంటాయి. నాకైతే ఒళ్లు మండుద్ది.

సరే, కథలోకి వద్దాం. 1999లో డాన్ కెగెల్ అనే ఇంజినీర్ ఒక వ్యాసం రాశాడు, దాని పేరు ‘సీ10కే ప్రాబ్లమ్’. అంటే ఒకే కంప్యూటర్ మీద 10 వేల మంది. అతని వాదన సింపుల్. 1,200 డాలర్లు పెడితే 1,000 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 2 జీబీ మెమరీ ఉన్న మెషీన్ దొరుకుతోంది. దాన్ని 20 వేల మందికి పంచినా ఒక్కొక్కరికి 50 కిలోహెర్ట్జ్, 100 కిలోబైట్ల మెమరీ, సెకనుకి 50 కిలోబిట్ల నెట్ వస్తాయి. ఒక్కో మనిషికి పేజీ పంపడానికి ఇది చాలదా? చాలు. మరి సర్వర్లు వందల దగ్గరే ఎందుకు ఆగిపోతున్నాయి? లోపం ఇనుములో లేదు, సాఫ్ట్‌వేర్ పద్ధతిలో ఉందని అతను లెక్కతో చూపించాడు.

మళ్లీ మన యార్డుకి రండి. రూల్ మారుద్దాం. రైతుకొక దడువాయి అనే పద్ధతి తీసేద్దాం. ఒకే దడువాయి యార్డంతా తిరుగుతాడు, ఎవరి సంచి రెడీగా ఉంటే వాళ్లది తూచి బుక్కులో రాసి ముందుకి పోతాడు. సైకిల్ రైతు రెండో సంచి తేవడానికి పోయాడా? పోనీ, వచ్చినప్పుడు చూద్దాం. ఇది బాగుంది. కానీ ఒక చిక్కు. ఎవరు రెడీగా ఉన్నారో ఆయనకెట్ల తెలియాలి? పాత పద్ధతుల్లో (సెలెక్ట్, పోల్ అని వాటి పేర్లు) దడువాయి ప్రతి రౌండులో అందరినీ అడగాలి, ‘నీది అయిందా, నీది అయిందా’ అని. పది మంది అయితే పర్వాలేదు. పది వేల మందిని అడుగుతూ పోతే అడగడానికే పొద్దు గూకుతది.

దీనికి జవాబు ఆపరేటింగ్ సిస్టమ్ లోపల దొరికింది. 2000లో ఫ్రీబీఎస్‌డీలో ‘కేక్యూ’ వచ్చింది. లైనక్స్‌లో ‘ఈపోల్’ అనేది 2002లో తయారై, 2003 డిసెంబర్‌లో వచ్చిన 2.6 వెర్షన్‌తో అందరికీ అందింది. పద్ధతేంటంటే, దడువాయి ఎవరినీ అడగడు. రెడీ అయిన రైతే చెయ్యి ఎత్తుతాడు. చెయ్యి ఎత్తినవాళ్ల లిస్టు మాత్రమే ఆయన చేతికొస్తది. యార్డులో పది వేల మంది ఉన్నా, చెయ్యి ఎత్తింది ముప్పై మందే అయితే ఆయనకి ముప్పై మందితోనే పని. చెప్తే ఇంత చిన్నగా ఉంది కానీ ఇంటర్నెట్ నడక మార్చింది ఈ చెయ్యి ఎత్తడమే.

ఇదే టైమ్‌లో మాస్కోలో ఇగోర్ సిసోయెవ్ అనే అడ్మిన్ ఉన్నాడు. రాంబ్లర్ అనే పెద్ద రష్యన్ పోర్టల్‌లో ఉద్యోగం. అక్కడా అపాచీయే, అక్కడా ఇదే తలనొప్పి. మొదట అపాచీకే సాయంగా చిన్న మాడ్యూల్ రాశాడు. తర్వాత 2002లో కొత్త సర్వర్ మొదలుపెట్టి, 2004 అక్టోబర్ 4న జనానికి వదిలాడు. అక్టోబర్ 4 అంటే 1957లో సోవియట్ వాళ్లు స్పుత్నిక్‌ని పైకి పంపిన తేదీ. దాని పేరే ఇంజిన్ ఎక్స్. మీ 502 పేజీ కింద ఉండే పేరు.

ఇందులో ఒక్కో ప్రాసెసర్ కోర్‌కి ఒక దడువాయి ఉంటే చాలు, నాలుగు కోర్లుంటే నలుగురు. వాళ్లే వేల కనెక్షన్లు చూసుకుంటారు. ఇంజిన్ ఎక్స్ వాళ్ల లెక్క ప్రకారం పని లేకుండా తెరిచి ఉన్న 10 వేల కనెక్షన్లకి అయ్యే మెమరీ సుమారు 2.5 ఎంబీ. మన పాత లెక్కలో ప్రాసెస్‌కి 20 ఎంబీ చొప్పున 10 వేల మందికి 200 జీబీ. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకసారి చూడండి.

మరి అపాచీ, పీహెచ్‌పీతో ఉన్న పాత సైట్లన్నీ పడేసి కొత్తగా రాయాలా? అక్కర్లేదు. సిసోయెవ్ తెలివి ఇక్కడే ఉంది. ఇంజిన్ ఎక్స్‌ని ముందు నిలబెట్టి, అపాచీని వెనకాల కూర్చోబెట్టారు. వెనక ఉన్న అపాచీ పేజీ తయారుచేసి టక్కున ముందున్నదానికి ఇచ్చేస్తది. రెండూ ఒకే చోట ఉంటాయి కాబట్టి క్షణం పట్టదు. అపాచీ దడువాయి ఫ్రీ. ఆ పేజీని మా 2జీ ఫోన్‌కి చుక్క చుక్కగా ఇరవై సెకన్లు పంపే పని ఇంజిన్ ఎక్స్‌ది. దీనికి ఇంజినీర్లు పెట్టుకున్న పేరు ‘స్పూన్ ఫీడింగ్’, చిన్న పిల్లకి చెంచాతో తినిపించినట్టు. మా నెట్ మారలేదు, మా ఫోన్ మారలేదు. మాకోసం ఓపిగ్గా కూర్చునే మనిషిని గేటు దగ్గర పెట్టారు, అంతే. దాని వల్ల పక్కవాళ్లు ఆగడం మానేశారు.

తర్వాతి కథ గబగబా చెప్పేస్తా. 2011లో కంపెనీ పెట్టారు, 2019లో ఎఫ్5 అనే అమెరికా కంపెనీ 67 కోట్ల డాలర్లకి కొనేసింది. అదే ఏడాది డిసెంబర్‌లో మాస్కో ఆఫీసు మీద పోలీసుల దాడి. ఆ సాఫ్ట్‌వేర్ మా దగ్గర ఉద్యోగంలో ఉన్నప్పుడు రాశాడు, మాదే అని పాత కంపెనీ కంప్లయింట్. కొద్దిరోజులకే ఆ కంపెనీ బోర్డే క్రిమినల్ కేసు వద్దనుకుంది. 2022లో సిసోయెవ్ బయటికి వచ్చేశాడు. ఈ లోపల అపాచీ కూడా ఊరుకోలేదు. 2012లో వచ్చిన 2.4 వెర్షన్‌లో ‘ఈవెంట్’ పద్ధతిని పూర్తిగా వాడుకలోకి తెచ్చింది. కీప్ అలైవ్‌లో ఉత్తగనే ఉన్న కనెక్షన్లకి ఇప్పుడు దడువాయిని కట్టేయదు. కాబట్టి అపాచీ పాతది, పనికిరానిది అని ఎవరైనా అంటే నమ్మకండి. సరిగ్గా పెట్టుకుంటే ఈరోజు రెండూ మంచివే. పాత ప్రీఫోర్క్ మీదే ఎవరూ ముట్టుకోకుండా వదిలేసిన సర్వర్‌తోనే బాధ.

ఇప్పుడు మీకో డౌట్ రావాలి. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది, తర్వాతి నెల మాకు వికారాబాద్ జిల్లా వచ్చింది, ఊరూరా 4జీ వచ్చింది. ఇంజిన్ ఎక్స్ కూడా వచ్చింది. మరి సైట్లు ఇంకా ఎందుకు పడుతున్నాయి?

గేటు పెద్దదైంది ఫ్రెండ్స్, లోపలి గోదాము అంతే ఉంది. పేజీ తయారు కావాలంటే వెనకాల డేటాబేస్‌ని అడగాలి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ చాలాచోట్ల వాడతారు, మనం మార్చకపోతే దాంట్లో ఒకేసారి 151 కనెక్షన్లే. గేటు దగ్గర ఇంజిన్ ఎక్స్ 10 వేల మందిని నవ్వుతూ లోపలికి పంపుతుంది, లోపల కౌంటర్లు 151. ఇప్పుడు కూలేది ముందున్నది కాదు, వెనకది. వెనకది జవాబే ఇవ్వకపోతే, తప్పుడు జవాబిస్తే, ముందున్నది మీకు 502 చూపిస్తది. ఎదురుచూసి చూసి టైమ్ అయిపోతే 504. అదీ ఆ పేరు వెనక కథ.

కొన్ని పనులకి ఈ గోదాము ఇరుకు తప్పదు కూడా. తత్కాల్ టికెట్టు తీసుకోండి, ఒకే బెర్తు ఇద్దరికి ఇవ్వలేరు. ఒక్కో బెర్తుకి తాళం వేసి, ఇచ్చి, తాళం తీయాలి. ఐఆర్‌సీటీసీ 2014లో కొత్త సిస్టమ్ తెచ్చినప్పుడు నిమిషానికి 2 వేల టికెట్ల నుంచి 7,200కి పెరిగింది. పెద్ద పెరుగుదలే, కానీ నిమిషానికి అడిగేవాళ్లు లక్షల్లో ఉంటే ఏ వెబ్ సర్వర్ ఏం చేస్తది? భూమి రిజిస్ట్రేషన్ కూడా ఇట్లాంటిదే. 2020 అక్టోబర్ 29న ధరణి మొదలయ్యాక తహసీల్దారు ఆఫీసులే రిజిస్ట్రేషన్ ఆఫీసులయ్యాయి, సర్వర్ సతాయిస్తోందన్న వార్తలు పేపర్లలో ఎన్నోసార్లు చదివాం. అక్కడ ఒక రైతు పట్టా మారుతుంది, తొందరపడి తప్పు రాస్తే జీవితం తలకిందులు. అట్లాంటి చోట నెమ్మదిని నేను అర్థం చేసుకుంటా. 2021 ఏప్రిల్ 28న సాయంత్రం 4 గంటలకి 18 ఏళ్లు దాటినవాళ్లకి కోవిన్ తెరిచినప్పుడు కూడా మొదట తడబడింది, ఓటీపీలు రాలేదు. అయినా ఆ ఒక్కరోజే 1.3 కోట్ల మంది దాకా రిజిస్టర్ అయ్యారు.

ఇంకోవైపు చూడండి. 2019 మే 12న మన ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ ఫైనల్, ముంబై ఒక్క రన్‌తో గెలిచింది. హాట్‌స్టార్‌లో ఒకేసారి 1.86 కోట్ల మంది చూశారు. రెండు నెలలకి వరల్డ్ కప్ సెమీఫైనల్, న్యూజిలాండ్ మీద, 2.53 కోట్లు. ధోనీ రనౌట్ గుర్తుందా? ఆ కంపెనీ ఇంజినీర్లే తర్వాత బయట చెప్పారు, ఆ క్షణంలో కోట్లమంది ఒకేసారి బ్యాక్ బటన్ నొక్కితే అందరూ హోమ్ పేజీ మీద వచ్చి పడతారు, మ్యాచ్ చూసేవాళ్లకన్నా వదిలేసి వెళ్లేవాళ్లే ప్రమాదం అని. అందుకే ముందే లెక్కలు వేసుకుని సర్వర్లు పెంచి పెట్టుకున్నారు. వీడియో అందరికీ ఒకటే కాబట్టి దాని కాపీలు ఊరూరి దగ్గర పెట్టి పంచగలిగారు.

ఇప్పుడు చెప్పండి, పదో తరగతి రిజల్ట్ ఏ రకం? తత్కాల్ టికెట్టా, క్రికెట్ వీడియోనా? నా మార్కులు నీకు ఇచ్చినంత మాత్రాన అయిపోవు, తాళం అక్కర్లేదు. విడుదలైన నిమిషం నుంచి ఆ నంబర్లు మారవు. మరి ప్రతి క్లిక్‌కి డేటాబేస్‌ని అడగడం ఎందుకు? ముందురోజు రాత్రే ఒక్కో విద్యార్థికి ఒక్కో చిన్న పేజీ తయారుచేసి పెట్టుకోవచ్చు. ఒక్కోటి 4 కిలోబైట్లు, 5 లక్షల మందికి కలిపి 2 జీబీ. మీ చేతిలో ఉన్న ఫోన్ మెమరీలో పట్టేస్తది! ఒక మామూలు సర్వర్‌లో ఇంజిన్ ఎక్స్ పెట్టి, ఆ 2 జీబీ మెమరీలో ఉంచితే డేటాబేస్ అవసరమే రాదు. దీనికి కోట్ల టెండరు ఎందుకో నాకు తెలియదు. కనీసం ఇప్పుడు రిజల్ట్స్ ఒక్క సైట్‌లో కాకుండా చాలాచోట్ల ఇస్తున్నారు. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న ‘మన మిత్ర’ మొదలుపెట్టి, ఆ ఏప్రిల్‌లో ఇంటర్ రిజల్ట్స్ వాట్సాప్‌లోనే ఇచ్చారు. వాట్సాప్ వాళ్లు 2012లోనే ఒక్క సర్వర్ మీద 20 లక్షల కనెక్షన్లు నిలబెట్టారు, అదీ ఫ్రీబీఎస్‌డీ మీద. అదే చెయ్యి ఎత్తే పద్ధతి.

చివరగా రిజల్ట్స్ రోజు పనికొచ్చే ముక్క ఒకటి. పేజీ తిరుగుతూ ఉంటే మనం రిఫ్రెష్ కొడుతూనే ఉంటాం కదా. కొట్టిన ప్రతిసారీ కొత్త రిక్వెస్టు పోతది, పాతది వెనకాల చాలాసార్లు నడుస్తూనే ఉంటది. మీరు పది సార్లు కొడితే పది మంది అయ్యారు. పైగా లైన్లో మీ పాత చోటు పోయి మళ్లీ చివరికి వెళ్తారు. తెల్ల పేజీ ఇంకా తిరుగుతుంటే వదిలేయండి, మీ వంతు లైన్లో ఉంది. 502 వచ్చిందంటే వెనకాల కూలింది, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి, లేకపోతే వేరే సైట్ పట్టుకోండి. 504 అయినా అంతే. అసలు సైటే దొరకట్లేదని మీ బ్రౌజరే చెప్తే మాత్రం ముందు మీ నెట్ చూసుకోండి.

ఓటీపీ ఎందుకు లేటుగా వస్తది, అది మన టవర్ తప్పా ఇంకెవరిదా అన్నది వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటా మరి.